కంబళి చుట్టే వేళ

ఆ ఎండాకాలం కరియను ఇంట్లోంచి పంపించెయ్యమని మొదట అన్నది నేనే. ఈ మాట ముందే చెప్పెయ్యడం మంచిది. నేను చెప్పకపోతే మా అత్త సుంకులమ్మ చెబుతుంది, చెప్పేటప్పుడు తనవి నాలుగు మాటలు కలిపి మరీ చెబుతుంది.

కరియ మా మామ మంద కుక్క. ఒళ్ళంతా నలుపు, ఛాతీ మీద మాత్రం అరచెయ్యంత తెలుపు. ఆరేళ్ళపాటు మా మామ వెంకటేశుతో కలిసి నూట ఇరవై గొర్రెల వెంట తిరిగింది. పాత ఊరు గండికోట రిజర్వాయరు నీళ్ళలో మునిగి, జమ్మలమడుగు దగ్గర ఈ కాలనీకి వచ్చాక కూడా మామ మందను వదల్లేదు. చివరికి వదిలించింది ఒక వంక. మాఘమాసంలో బండల మీద కాలు జారి అందులో పడ్డాడు. ప్రొద్దుటూరులో తొడ ఎముకకు రాడ్డు వేసి, "ఇంక గుట్టలెక్కొద్దు పెద్దాయనా, ఇంకోసారి పడితే లేవలేవు" అని చెప్పి పంపించాడు డాక్టరు.

ఉగాది ముందర మధు, అంటే మా ఆయన, మందను అమ్మేశాడు. గొర్రెల్ని లారీకి ఎక్కిస్తున్నంతసేపూ మామ మంచంలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. కరియ ఆ లారీ వెనకాల ఎంత దూరం పరిగెత్తిందో ఏమో, సాయంత్రానికి కాళ్ళీడ్చుకుంటూ తిరిగొచ్చింది.

వచ్చినప్పటి నుంచి దానికి కుదురు లేదు. కాలనీలో కనిపించిన ప్రతి మనిషినీ మందలో కలిపేసింది. బడికి పోయే పిల్లల్ని రోడ్డుకు ఒక పక్కకు తోలేది. ట్యాంకు దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళ చుట్టూ తిరిగి అందరినీ ఒకచోటికి చేర్చేది. ఎవరైనా గుంపులోంచి విడిపోతే ఇంక అంతే, వాళ్ళ వెంట పడి వెనక్కి తెచ్చేదాకా ఊరుకోదు. కరవడం మాత్రం లేదు, అంతవరకు మా అదృష్టం. పొద్దు గూకితే ఇంకా ఘోరం. మామ వాకిలి ముందరి అరుగు మీద కంబళి పరుచుకొని కూర్చోగానే ఇది మెట్టు కింద నిలబడి, గాలికి కవరు ఎగిరినా మొరిగేది.

నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. అది పెళ్ళిళ్ళ కాలం. ఒకరోజు ఒక పెళ్ళికూతురి అమ్మ కొలత జాకెట్టు తీసుకొని వచ్చింది. కరియ ఆమెను గేటులోంచి రానిచ్చి, నేరుగా గోడకు చేర్చి, అక్కడే నిలబెట్టేసింది. నేను పొయ్యి దగ్గర ఉండి చూసుకోలేదు. పావుగంట గోడకు ఆనుకొని నిలబడిన మనిషి, పట్టు గుడ్డలన్నీ చంకన పెట్టుకొని ఇంకో టైలరు దగ్గరికి పోయింది. నాకు తిక్క లేచింది.

"దీన్ని యాడికన్నా పంపించు. ఈ ఇంట్లో ఇదన్నా ఉండాల, నా మిషనన్నా ఉండాల" అన్నాను మధుతో.

మధు చక్రాయపేటకు ఫోన్ చేశాడు. అక్కడ మా అత్త తమ్ముడు బాబుకు రెండు వందల గొర్రెలున్నాయి. "మంద కుక్కను ఇస్తామంటే వద్దంటానా అల్లుడా? తొలకరి పడినాక ట్రాలీ ఆటో తోలుకొని వస్తా" అన్నాడు ఆయన. స్పీకర్లో ఇంటిల్లిపాదీ విన్నాం. అరుగు మీద నుంచి మామ గొంతు వినిపించింది.

"ఆ ఆటోలో నాకు గూడా రొంత చోటు పెట్టమను. నేనూ పోతాండా."

"యాడికి?" అంది అత్త.

"మంద కాడికి. కుక్క ఒక్కటే పోయి ఏం చేస్తాది?"

"తొడలో ఇనుము పెట్టుకొని గుట్టలెక్కుతావా?"

"ఇనుమే గదా మ్మే. ఎముక కంటే గట్టిది."

మేం తమాషాకు అన్నాడనుకొని నవ్వాం. మర్నాడు పొద్దున్నే మామ తన పాత తోలు చెప్పులకు ఆముదం పట్టిస్తూ కనిపించాడు. అడుగు ఊడిన చోట మేకులు కూడా కొట్టుకున్నాడు. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

నా మిషను గురించి ఒక మాట చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో నేను మిషను కొనివ్వమంటే మధు రేపు మాపు అంటూ రోజులు గడిపాడు. మామ ఎవరికీ చెప్పకుండా రెండు పొట్టేళ్ళను సంతకు తోలుకొనిపోయి, తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మిషను తెచ్చి వాకిట్లో దించాడు. "దారం నీదే" అని మాత్రం అన్నాడు. అలాంటి మనిషి నా నోటి దురుసు వల్ల రాడ్డు కాలుతో గుట్టలు పట్టుకొని పోతున్నాడు. కరియ ఇంట్లోనే కుదురుగా ఉంటే దాన్ని పంపే పని ఉండదు. అది పోకపోతే మామకు పోవడానికి సాకు ఉండదు. నాకు తోచిన దారి అదొక్కటే.

పక్కింటి నబీ రసూల్ అన్న పద్నాలుగేళ్ళు కువైట్‌లో ఉండి వచ్చినవాడు. డ్రైవరు పనికని పోతే, ఆ ఇంటివాళ్ళు వేటకుక్కల్ని కూడా ఈయనకే అప్పగించారట. గోడ అవతల టమోటా నారుకు నీళ్ళు పోస్తుంటే పిలిచి నా బాధంతా చెప్పుకున్నాను.

"చూడమ్మా, కుక్కకు కూసోమని నేర్పేది సులువు. నిమ్మళంగా ఉండమని నేర్పేది కష్టం" అన్నాడు ఆయన. "అది మనం చెప్తే వచ్చేది గాదు. దానంతట అది వచ్చినప్పుడు మనం కనిపెట్టి మెచ్చుకోవాల."

"ఎట్లన్నా?"

"ఒకటే చోటు పెట్టు. కింద ఏదన్నా పరుచు. నువ్వు పక్కన కూసొని నీ పని చేసుకో. దాని మొగం చూడొద్దు, మాట్లాడొద్దు. అది పండుకుంటే చిన్న లివరు ముక్క, దాని కాళ్ళ మధ్యన, సప్పుడు కాకుండా పెట్టు. నడుము ఒక పక్కకు వాల్చిందనుకో, ఇంకో ముక్క. గడ్డం నేలకు ఆనిస్తే ఇంకోటి. అప్పుడొక పెద్ద ఊపిరి ఇడుస్తాది చూడు, ఆ ఊపిరి ఇడిచేటప్పుడు ఒక మాట చెప్పు. ఏ మాటైనా సరే, రోజూ అదే చెప్పాల. కొన్నాళ్ళకు మాట వింటేనే ఊపిరి ఇడిచి పండుకుంటాది."

"మాట చెప్తానే ఉండా గదన్నా! రోజుకు వంద తూర్లు గమ్మునుండు గమ్మునుండు అంటానే ఉండా."

"అంటాండావా, అరుస్తాండావా? నువ్వు గూడా దానికి తోడుగా మొరుగుతాండావనుకుంటాది అది."

లోపల నుంచి ఆయన భార్య దిల్షాద్‌బీ వదిన నవ్వు వినిపించింది. "కువైట్ కుక్కల్నన్నిట్నీ పండబెట్టి వచ్చినాడు. ఈడ నేను మిక్సీ వేస్తే ఉలిక్కిపడి లేచి కూసుంటాడు" అంది. "ఏమప్పా, కుక్కను ముట్టుకుంటే కొళాయి కాడ చేతులు కడుక్కొని రా."

"మందకు కాపలా ఉండే కుక్కయితే మాకు తప్పు ల్యా. దాన్ని గడప దాటిస్తేనే మీ వదిన ఇద్దర్నీ కలిపి బయట కట్టేస్తాది" అన్నాడు నబీ రసూల్ అన్న.

పరచడానికి ఏది బాగుంటుందని అడిగితే, అత్త లోపలికి పోయి మామ పాత కంబళి తెచ్చింది. అంచులు పీచు లేచిన, గొర్రె బొచ్చుతో నేసిన నల్ల కంబళి. "దీంట్లో మంద వాసన ఉండాది. దాని మనసు కుదురుకుంటాది" అంది. నాకూ బాగుందనిపించింది. నబీ రసూల్ అన్న కూడా భేష్ అన్నాడు. అరుగు మీద కూర్చున్న మామ ఏదో చెప్పబోయి, మళ్ళీ బీడీ వెతుక్కున్నాడు.

వేపచెట్టు నీడలో కంబళి పరిచాం. ఆశ్చర్యం, కరియ నేరుగా వచ్చి దాని అంచున పడుకుంది! పిలిచే పనే లేకపోయింది. నేను పక్కన పీట వేసుకొని జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటూ కూర్చున్నాను. ముక్క పెట్టాను, తినింది. గంటసేపు గేటు వైపు పోలేదు. నా అంత గొప్పది జిల్లాలో లేదనుకొని మధుకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

నాలుగు రోజులు పోయాక సంగతి అర్థమైంది. అది పడుకుంటుంది, అంతే. నడుము వాల్చదు. ముందుకాళ్ళు చాపి, తల ఎత్తి, చెవులు నిలబెట్టి వీధినే చూస్తుంది. ముక్క నమిలేటప్పుడు కూడా కళ్ళు గేటు మీదే. ఎండ నలభై మూడు దాటింది. కాలనీలో కుక్కలన్నీ కాలువ గట్టు కింద ఒళ్ళు తెలియకుండా పడి ఉంటే, ఇది మాత్రం రెప్ప వెయ్యకుండా కూర్చునేది. రెండు వారాలకు దాని కళ్ళు ఎర్రబడ్డాయి, డొక్కల్లో ఎముకలు తేలాయి. నాకు దాని మీద కోపం పోయి జాలి మొదలైంది. చెప్పుకోవాలంటే సిగ్గు గానీ, పెళ్ళయ్యాక నేను అన్ని రోజులు వరసగా, గంటసేపు అరవకుండా ఒకచోట కూర్చోవడం అదే మొదలు. నాకే బాగుంది, కుక్కకే బాగుపడలేదు.

నబీ రసూల్ అన్న గోడ దిగి వచ్చి, దాని పక్కన గొంతుక్కూర్చొని చాలాసేపు చూశాడు.

"ఇది మొండిది గాదమ్మా. నిద్ర ల్యాక సోలిపోతాండాది. దేనికో కాపలా కాస్తాండాది. అదేందో నాకు తెలియకుండా ఉండాది" అన్నాడు. పోతూ పోతూ కొళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు.

ఆ వారంలోనే సాయంత్రాలు పడమర మబ్బులు పట్టడం మొదలైంది. ఒక చిన్న వాన కూడా పడి మట్టి తడిసింది. బాబు ఫోన్ చేసి ఆదివారం వస్తానన్నాడు. మామ ఒక సంచిలో రెండు పంచెలు, టార్చిలైటు, రాడ్డు వేసినప్పటి మందుల కవరు సర్దుకొని తలుపు మూల పెట్టుకున్నాడు. అత్త ఆ సంచిని మూడుసార్లు లోపలికి తీసుకుపోయింది, మామ మూడుసార్లు తెచ్చి అక్కడే పెట్టాడు. మధు "నువ్వే చెప్పు, నా మాట వినడు" అని నా మీదకు తోశాడు.

బుధవారం మధ్యాహ్నం అరుగు మీద మామ పక్కన కూర్చున్నాను. చేతిలో ఎవరిదో జాకెట్టు. చెట్టు కింద కంబళి మీద కరియ తల ఎత్తుకొని ఉంది.

"మామా, నేను కుక్కను పంపమన్నా. నిన్ను పంపమన్లా."

"తెలుసు లే పాపా."

"తెలిస్తే యాల పోతాండావు? ఆడ పడితే నిన్ను ఎవరు చూస్తారు? గొర్రెలు చూస్తాయా?"

ఆయన నవ్వలేదు. "ఈడ నాకేం పనుండాది?" అన్నాడు.

"పని ల్యాకుంటే మనిషి ఇంట్లో ఉండకూడదా? నాకు మా నాయన ల్యాడు. ఈ ఇంట్లో నిన్ను చూసే నాకు ధైర్యం. నువ్వు పోతే నాకు బాగుండదు మామా. అంతే, ఇంకేం చెప్పల్ల?"

ఇంకా కోపంగా చెప్పాలనే అనుకున్నాను. కళ్ళలో నీళ్ళు ఆ జాకెట్టు మీద పడ్డాయి. ఎవరి జాకెట్టో అని ఇంకా ఏడుపొచ్చింది. మామ, నేను లోపలికి పోయేదాకా చెట్టు కింద కుక్కనే చూస్తూ కూర్చున్నాడు.

ఆ సాయంత్రం పొద్దు వాలుతుంటే నన్ను పిలిచాడు.

"పాపా, ఆ చెట్టు కింద కంబళి తీసెయ్యి."

"యాల మామా? దాని మీదన్నా రొంతసేపు ఉంటాది గదా?"

"దాని మీద ఉన్నంతసేపు అది పండుకోదు. ఎన్నేండ్లు పెట్టినా పండుకోదు."

నేను అర్థం కాక నిలబడ్డాను. మామ కర్ర ఆనించుకొని మెట్టు మీద కూర్చున్నాడు.

"చేలల్లో ఎరువుకని మందను ఆపుతాము గదా. పొద్దు గూకినాక గొర్రెల్ని ఒక చోటికి చేర్చి, అంచున కంబళి పరుస్తా. కంబళి పరిచినానంటే కరియకు పని మొదలైనట్లు. తెల్లార్లూ అది కన్ను మూయదు, నేనూ మూయను. తెల్లారినాక కంబళి దులిపి, చుట్టి, భుజాన ఏసుకొని చెప్తా, తెల్లారిందిలే కరియా, అని. అప్పుడు సంగటి తిని పండుకుంటాది, పొద్దు నెత్తి మీదికి వచ్చేదాకా. ఆరేండ్లూ అంతే."

మా ఇళ్ళలో ఆడవాళ్ళం రాత్రిపూట మంద దగ్గరికి పోము. సద్ది కట్టిస్తాం, గొర్రెపిల్లలకు పాలు పట్టిస్తాం, అంతవరకే. చేలో కంబళి పరిస్తే ఏమిటో, చుడితే ఏమిటో మా అత్తకే తెలియదు, నాకేం తెలుస్తుంది? రెండు వారాలు కుక్కను కూర్చోబెట్టి, లివరు పెట్టి మరీ కాపలా కాయించానన్నమాట.

"ముందే చెప్పొచ్చు గదా మామా?"

"చెప్తే కుక్క ఈడ్నే ఉండిపోతాది." కొంచెం ఆగి, "నేను గూడా" అన్నాడు.

చెట్టు కింది కంబళి నేను తీశాను. అరుగు మీద తను రోజూ పరుచుకునే కంబళిని మామే తీశాడు. వాకిట్లో నిలబడి రెండుసార్లు గట్టిగా దులిపాడు. సన్నటి దుమ్ము లేచింది. నిలువునా మడిచి, చుట్టి, భుజం మీద వేసుకున్నాడు. కరియ లేచి నిలబడి ఆయన్నే చూస్తోంది. పడమర ఇంకా ఎర్రగా ఉంది, ట్యాంకు దగ్గర దీపాలు అప్పుడే వెలుగుతున్నాయి.

"తెల్లారిందిలే కరియా" అన్నాడు మామ.

అది ఆయన మొహం చూసింది, భుజం మీద కంబళి చూసింది. నేను గబగబా ఒక గోనెసంచి తెచ్చి చెట్టు కింద పరిచాను. దాని మీద మూడు చుట్లు తిరిగి పడుకుంది. కాసేపటికి నడుము ఒక పక్కకు వాలింది. గడ్డం నేలకు ఆనింది. ముక్కులోంచి పెద్ద ఊపిరి వదిలింది. నేను చేతిలో ముక్క సంగతే మరిచిపోయి చూస్తుంటే, గోడ మీద నుంచి నబీ రసూల్ అన్న వేలు ఆడిస్తూ పెట్టు, పెట్టు అని సైగలు చేస్తున్నాడు. పెట్టాను. అది తినలేదు, అప్పటికే నిద్రపోయింది.

గురు, శుక్ర, శనివారాలు అదే పని. పొద్దు గూకగానే మామ కంబళి దులిపి, చుట్టి, ఆ మాట చెబుతాడు. నేను ముక్క పెడతాను. మూడో రోజుకు మాట పూర్తికాకముందే నడుము వాల్చేసింది. కానీ మామ మాత్రం మంచం అరుగు మీదే వేయించుకున్నాడు. లోపల ఫ్యాను కింద పడుకోమంటే "గాలాడదు" అన్నాడు. తలుపు మూల సంచి కూడా అక్కడే ఉంది. కుక్క సంగతి తేలింది గానీ మనిషి సంగతి తేలలేదు.

ఆదివారం పొద్దు గూకే వేళకు బాబు వచ్చాడు. ట్రాలీ ఆటోలో దారిలో కొన్న నాలుగు పొట్టేళ్ళున్నాయి. ఆటో గేటు ముందు ఆగగానే ఒక పొట్టేలు గట్టిగా అరిచింది. గోనెసంచి మీద పడుకున్న కరియ ఒక్క గెంతులో గేటు దగ్గర ఉంది. దాని ఒళ్ళంతా వణుకుతోంది, తోక బిగుసుకుపోయింది.

"వచ్చినావురా నా కొడకా" అని బాబు ముచ్చటగా వెనక తలుపు దించాడు. "ఎక్కు!"

నేను మిషను దగ్గర నుంచి లేచి వచ్చాను. కరియా అని పిలవబోయి నోరు మూసుకున్నాను. అది ఎక్కితే మామ సంచి కూడా ఎక్కుతుంది. అత్త టీ గ్లాసులతో గడపలోనే ఆగిపోయింది.

మామ చుట్టిన కంబళి భుజాన వేసుకొని, కర్ర పోటు వేసుకుంటూ ఒక్కో మెట్టూ దిగాడు. గేటు దాకా రాలేదు, చెట్టు దగ్గరే నిలబడ్డాడు.

"తెల్లారిందిలే కరియా."

కరియ వెనక్కి తిరిగి చూసింది. పొట్టేలు ఇంకోసారి అరిచింది. అది మళ్ళీ ఆటో వైపు చూసింది, మళ్ళీ మామ వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా వెనక్కి నడిచి వచ్చి సంచి మీద పడుకుంది. ఈసారి నడుము వాల్చడానికి చాలాసేపు పట్టింది. మేమెవరం కదల్లేదు. చివరికి వాల్చింది.

బాబు నడుము మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏంది బావా, కుక్కను ఇట్ల చెడగొట్టినావు? ఇంక మందకు పనికొస్తాదా ఇది?"

"పనికిరాదు లే" అన్నాడు మామ.

"నువ్వన్నా వస్తాండావా మరి?"

మామ తన తొడ మీద ఒకసారి చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత భుజం మీది కంబళి తీసి, ఆటోలో బాబు సీటు పక్కన పెట్టాడు.

"ఇది తీస్కపో. మంద అంచున పరుచుకో. తెల్లారినాక దులిపి చుట్టి, మీ కుక్కలకు చెప్పు, తెల్లారిందని."

బాబు నవ్వాడు. "తెల్లారిందని కుక్కకు తెలీదా బావా?"

"తెలీదు. చెప్పేవాళ్ళు చెప్పాల."

టీ తాగి బాబు వెళ్ళిపోయాడు. మామ రోడ్డు మీదికి నడిచి, ఆటో వెనక ఎర్ర దీపం ట్యాంకు మలుపు తిరిగేదాకా చూశాడు. తిరిగిపోయాక కూడా అక్కడే నిలబడ్డాడు. భుజం ఖాళీగా ఉంటే చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు, కర్రను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంటున్నాడు. మధు పిలవబోతే అత్త ఆపింది. ఎంతసేపటికీ కదలకపోతే నేనే గేటు దగ్గరికి పోయాను. అరవకుండా, రోజూ ఆయన కుక్కకు చెప్పే గొంతుతోనే చెప్పాను.

"తెల్లారిందిలే మామా. లోపలికి రా."

మామ నన్ను చూశాడు. చెప్పులు వాకిట్లో విడిచి, లోపలికి వచ్చి, ఫ్యాను కింద మంచం ఎటువైపు వెయ్యాలో అత్తకు చెప్పాడు.